దొరసాని కోరలు

ఆ ఇంట్లో అందరికంటే ముందు నిద్ర లేచేది దొరసాని. లేచి ఓ మూల కూర్చుంటే దానికా పేరెందుకొస్తుంది? మంచాల కింద ఒక చుట్టు, వంటింట్లో ఒక చుట్టు తిరిగి, ఎవరి పాదం దుప్పటి దాటి బయటికొచ్చిందో చూసుకుని దాని మీద పడేది. ముందుకాళ్ళతో వాటేసుకుని, వెనక కాళ్ళతో గీరుతూ, కోరలు దిగేదాకా కొరికేది. బూడిద రంగు పిల్లి, తెల్లటి మూతి, ఎవరు చూసినా ఎత్తుకోబోయేంత అందం. ఒకసారి ఎత్తుకోబోయినవాళ్ళు రెండోసారి ఆ ఇంటికి చేతులు కట్టుకుని వచ్చేవారు.

ఇంటాయన్ని వీధిలో అందరూ పళ్ళ మేస్త్రి అంటారు. కట్టుడు పళ్ళు చేస్తాడు. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే, వాటికి సరిపోయే సెట్లు తయారుచేసి ఇస్తాడు. ముందు గదే పని గది. కిటికీ కింద పొడుగాటి బల్ల, దాని మీద చిన్న మోటారు, మోటారుకి గొట్టంతో వేలాడే కలం లాంటి పిడి, పిడి చివర బిగించుకునే రకరకాల సానరాళ్ళు. గోడ అరల్లో వరసగా తెల్లటి ప్లాస్టరు దవడలు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ దవడల్ని చూసి కాస్త జంకేవారు. వాటి పక్కనే పడుకుని తోక ఆడిస్తున్న దొరసానిని చూసి ఇంకాస్త జంకేవారు.

పళ్ళు పెట్టించుకున్నవాళ్ళు నాలుగు రోజులాగి మళ్ళీ వస్తారు. కొత్త చెప్పు కరిచినట్టు కొత్త పన్ను కూడా గుచ్చుకుంటుంది. మేస్త్రి వాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, పళ్ళ మధ్య నీలం కాగితం పెట్టి కొరకమంటాడు. ఎక్కడ నీలం మచ్చ గట్టిగా పడిందో అక్కడ పన్ను ఎత్తుగా ఉన్నట్టు. సెట్టు చేతిలోకి తీసుకుని, రాయి ఆనించి, బియ్యపు గింజలో సగమంత తీసేస్తాడు. అంతే, వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. అరగదీస్తే తగ్గని బాధ నోట్లో ఉండదని అతని గట్టి నమ్మకం.

అతను చేసిన సెట్టుకి చివరి మెరుగు పెట్టేది భార్య. గుడ్డ చక్రం మీద పాలిష్ పొడి వేసి మెరిసేదాకా తిప్పి, ఆ తర్వాత కళ్ళు మూసుకుని ఒక్కో పన్ను మీదా బొటనవేలు నడిపిస్తుంది. కంటికి కనపడని గరుకు కూడా ఆ వేలికి తెలిసిపోతుంది. మేస్త్రి చూపుడు వేలు చిన్నప్పుడు తలుపు సందులో పడి కాస్త వంకర తిరిగింది. అందుకని అతను అరగదీసిన పన్ను ఎప్పుడూ లోపలివైపుకి, ఎడమగా, వెంట్రుకవాసి ఏటవాలుగా ఉంటుంది. ఇది ఆవిడకి తప్ప లోకంలో ఎవరికీ తెలీదు. బాగుచెయ్యమని పాత సెట్లు వచ్చినప్పుడు వాటి మీద వేలు పెట్టి, ఇది మీ చెయ్యి అనో, ఇది మీ చెయ్యి కాదు అనో చెప్పేసేది. ఒక్కసారి కూడా తప్పలేదు. నీ వేలికి కళ్ళున్నాయే అని అతను మురిసిపోయేవాడు.

దొరసాని ఆవిడ చేతుల్లోనే పెరిగింది. మూడేళ్ళ కిందట పెరట్లో ప్లాస్టరు సంచుల వెనక దొరికింది. అప్పటికి సరిగ్గా కళ్ళు కూడా తెరవలేదు. తల్లి ఏమైందో తెలీదు. పిల్లల్లేని ఇల్లేమో, ఆవిడ దానికి చుక్కలు వేసే గొట్టంతో పాలు పట్టి, కొంగులో పెట్టుకుని తిరిగి, వేళ్ళు ఆడిస్తూ ఆడించింది. వేళ్ళని కొరకడం దానికి ఆట. గుప్పెడంత పిల్ల కొరికితే ఎవరికి నొప్పి? ఇద్దరూ పడి పడి నవ్వేవారు. అది పెద్దదయ్యింది, కోరలు వచ్చాయి, ఆట మాత్రం మారలేదు. మనిషి చెయ్యీ కాలూ ఉన్నవే కొరకడానికని ఆ ఇంట్లో దానికి నేర్పినవాళ్ళు వాళ్ళే. తప్పు దానిది కాదు, కానీ మందు రాసుకుంటున్నప్పుడు ఆ సంగతి ఎవరికి గుర్తొస్తుంది?

అలా కట్లు కట్టుకుంటూ ఎన్నాళ్ళైనా గడిచిపోయేదేమో. మేస్త్రి అత్తగారు తుంటి ఎముక విరగ్గొట్టుకుని, ఆపరేషన్ అయ్యాక వీళ్ళ దగ్గర ఉండటానికి వచ్చింది. ఆవిడకి గుండె జబ్బు ఉంది, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంది. చర్మం ఉల్లిపొరలా అయిపోయింది. చేతికర్ర చివర రబ్బరు బిళ్ళ టక్కు టక్కుమంటుంటే, పైన గౌను అంచు అటూ ఇటూ ఊగుతుంటే, దొరసానికి పండగే. కుర్చీ కింద నక్కి, సరిగ్గా పాదం పైకి లేచే క్షణం చూసి ఉరికేది.

అత్తగారి నోరు మంచిది. "అది నన్ను కాదే అమ్మాయీ, నా కర్రని కరుస్తోంది. మధ్యలో నా కాలు అడ్డమొస్తోంది," అనేది. కానీ గది దాటి రావాలంటే ముందు తలుపు సందులోంచి కర్ర బయటికి చాపి నేలంతా తడిమి, అది లేదని తేల్చుకుని, అప్పుడు అడుగు వేసేది. కూతురు అది చూసి మొహం తిప్పుకునేది.

మేస్త్రి భార్య పిల్లుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ వయసులో చిన్నది, ఓపికగా చెప్పింది. చేతులతో ఆడించొద్దు, కర్రకి ఈక కట్టి దాంతో ఆడించండి. తిండికి ముందు అలిసేదాకా పరిగెత్తించండి. ఎత్తైన చోట దానికో పీట వెయ్యండి. కొరికినప్పుడు అరవొద్దు, కొట్టొద్దు, అక్కణ్ణించి వెళ్ళిపోండి. ఆరు నెలలు పడుతుంది, అంతకంటే తొందరపడితే లాభం లేదు అంది. ఈసారి దాన్ని తీసుకొచ్చేటప్పుడు బెదరకుండా ఉండటానికని కాసిన్ని మత్తు మాత్రలు కూడా ఇచ్చింది.

ఆవిడ అన్నీ చేసింది. వంటింటి గోడకున్న క్యాలెండర్‌లో కరిచిన రోజున ఎర్ర చుక్క పెట్టడం మొదలుపెట్టింది. మొదటి నెల చూస్తే కాగితానికి ఆటలమ్మ పోసినట్టే ఉంది. రెండో నెలలో చుక్కలు కాస్త పలచబడ్డాయి. మూడో నెలలో వారానికొకటి. నాలుగో నెలలో పన్నెండు రోజులు వరసగా తెల్లగా ఉన్నాయి. ఆవిడ రోజూ పొద్దున్నే ఆ క్యాలెండర్ ముందు నిలబడి తనలో తను నవ్వుకునేది. మేస్త్రి మాత్రం నమ్మలేదు. ఈకతో ఆడిస్తే కోరలు మొద్దుబారతాయా అన్నాడు. ఆవిడ ఆ మాట పెడచెవిన పెట్టింది.

పదమూడో రోజున అత్తగారి చేతిలోంచి కర్ర జారి నేల మీద దబ్బున పడింది. దొరసాని బెదిరిపోయి, ఎదురుగా ఉన్న పిక్కని పట్టేసింది. రెండు కోరలూ దిగిపోయాయి. గంటన్నర సేపు రక్తం ఆగలేదు. మేస్త్రి తువ్వాలు మీద తువ్వాలు అదిమి పట్టుకుంటే, అత్తగారు తెల్లబడిపోయిన మొహంతో, పిల్లిని ఏమీ అనకండని చెబుతూనే ఉంది. ఆస్పత్రిలో గుండె డాక్టరు కట్టు కట్టించి, కూతురికి ఒక్కటే మాట చెప్పాడట. ఇంకోసారి ఇలా జరిగితే రక్తం ఆపడం నా వల్ల కాకపోవచ్చు, ఆ పిల్లి ఉన్న ఇంట్లో ఈవిడ ఉండకూడదు అని.

ఆ సాయంత్రం మేస్త్రి భార్య గిన్నెలు కడుగుతూ కడుగుతూ కుళాయి కట్టేసింది. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"మీరే చెప్పండి. ఎవర్ని పంపించమంటారు?"

మేస్త్రి ఉన్న దారులన్నీ లెక్కేసుకున్నాడు. భార్య వాళ్ళక్క ఇల్లు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. అక్కడికి వెళితే అత్తగారు ఇక కిందికి దిగేది లేదు. దొరసానిని ఎవరికిద్దామన్నా తీసుకునేవాళ్ళు లేరు. వీధి పిల్లుల్ని ఉంచుకునే చోటికి ఫోన్ చేస్తే, కరిచే పిల్లుల్ని తీసుకుంటాం కానీ ఉంచుకోం అని మర్యాదగా చెప్పారు. ఉంచుకోకపోవడమంటే ఏమిటో వివరించమని ఆవిడ అడగలేదు.

పొద్దున్న లేచేసరికి ముందు గది తలుపు పక్కన అత్తగారి సంచీ ఉంది. రాత్రే సర్దేసుకుంది. "నాదేముందమ్మా, ఎక్కడైనా ఒక మంచమే కదా," అంది. కూతురు ఆ సంచీ విప్పలేదు, విప్పనివ్వలేదు, దాని పక్కనుంచే నడిచింది. మూడు రోజులు ఆ సంచీ అక్కడే ఉంది. మూడు రోజుల్లో ఆవిడ మొహం సగమైపోయింది. మేస్త్రి బల్ల దగ్గర కూర్చుని ఆవిణ్ణే చూశాడు. ఆవిడ బాధ అతనికి భరించరానిదిగా ఉంది. తన చేతి పనైతే ఏదో ఒకటి చేసి తీసెయ్యొచ్చు. నీలం కాగితం పెట్టి చూస్తే మచ్చ ఎక్కడ పడుతుంది? దొరసాని కోరల మీద.

ఆ ఆలోచన వచ్చాక ఇక కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. గోళ్ళు కత్తిరించట్లేదా, అలాగే కోరల మొనలు. బియ్యపు గింజలో సగమంత. కొరికినా దిగవు. అత్తగారు ఇక్కడే ఉంటుంది, పిల్లీ ఇక్కడే ఉంటుంది, భార్యకి ఆ ప్రశ్న మళ్ళీ అడగాల్సిన అవసరం రాదు. డాక్టరమ్మని ఒక్క మాట అడిగితే పోయేది. కానీ పళ్ళ గురించి పళ్ళ మేస్త్రి ఇంకొకర్ని అడగడమా?

నాలుగో రోజున భార్య తల్లిని కట్టు మార్పించడానికి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. వాళ్ళ ఆటో మలుపు తిరగ్గానే మేస్త్రి డాక్టరమ్మ ఇచ్చిన మత్తు మాత్రలు రెండు పొడి చేసి చేప ముక్కలో కలిపాడు. దొరసాని ఎప్పటిలాగే అతన్ని అనుమానంగా చూసి, ఎప్పటిలాగే తినేసింది. అరగంటకి నడక తూలింది, తల వాలింది. తువ్వాలులో బిగించి చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బల్ల ముందు కూర్చున్నాడు. ఎడమ చేతి వేళ్ళతో పెదవి పైకి తోశాడు. మూడేళ్ళుగా తన కాళ్ళని జల్లెడ చేసిన కోరలవి, ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. సన్నగా, తెల్లగా, చక్కగా ఉన్నాయి. ఎవరు చేశారో గానీ పనిమంతుడు అనుకున్నాడు.

మోటారు చిన్న వేగంలో పెట్టి రాయి ఆనించాడు. తెల్లటి పొడి లేచింది. వాసన మాత్రం కొత్తగా ఉంది. కట్టుడు పన్ను అరిగితే ప్లాస్టిక్ వాసన వస్తుంది. ఇది వెంట్రుకలు కాలినట్టుంది. పై కోరలు రెండూ అయ్యాయి. ఎడమ కోర మధ్యలో గుండుసూది మొనంత ఎర్రటి చుక్క కనిపించింది. చిగురు గీరుకుంది కాబోలనుకుని దూదితో తుడిచాడు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ తుడిచాడు. కింద కోరల దగ్గరికి వచ్చేసరికి అంత మత్తులోనూ దొరసాని ఒళ్ళంతా తువ్వాలులో ఒక్కసారి బిగుసుకుంది. గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. అరుపు కాదు, గుర్రు కాదు, అతను అంతకుముందు దాని నోట ఎన్నడూ వినని శబ్దం.

"అయిపోయిందమ్మా, అయిపోయింది," అన్నాడు, కుర్చీలో కూర్చున్నవాళ్ళతో అన్నట్టే.

రాయి కింద ఎన్నో వేల పళ్ళు పెట్టాడతను. ఒక్కటి కూడా ఎదురు చెప్పలేదు. చెప్పడానికి వాటిలో ఏమీ లేదు. ఆ మాట అతనికి ఆ రోజు తట్టలేదు. రబ్బరు చక్రం పెట్టి నాలుగు మొనలకీ మెరుగు పెట్టాడు, వేలితో తడిమి చూసుకున్నాడు, నున్నగా ఉన్నాయి. బల్ల మీద పొడి ఊడ్చేశాడు. దొరసానిని దాని పీట మీద పడుకోబెట్టి టీ పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఇంట్లో జరిగింది చూస్తే ఎవరైనా మంత్రం వేశారనుకునేవారు. దొరసాని కరవడం మానేసింది. పాదం దుప్పట్లోంచి ఎంత బయటికొచ్చినా పట్టించుకోలేదు. అత్తగారి గౌను అంచు ముక్కు ముందే ఊగినా కదల్లేదు. ఎక్కువసేపు అలమర కింద, గోడకి మొహం పెట్టి పడుకునేది. క్యాలెండర్‌లో వారం తెల్లగా గడిచింది, రెండు వారాలు గడిచాయి, నెల గడిచింది. ఒక పొద్దున మేస్త్రి భార్య తలుపు పక్కన సంచీ తీసుకెళ్ళి, అందులోని బట్టలన్నీ మళ్ళీ అలమరలో సర్దింది. సర్దుతూ ఏడ్చింది. సంతోషానికేలే అని అతను అనుకున్నాడు, నిజంగా సంతోషానికే.

"చూశారా, ఈకతో ఆడిస్తే ఏమవుతుందన్నారు," అంది ఆ రోజు భోజనాల దగ్గర. "కొట్టకుండా తిట్టకుండా ఎంత మారిందో."

మేస్త్రి తలొంచుకుని తిన్నాడు. చెప్పాలనిపించింది. కానీ ఆవిడ మొహం అంత వెలిగిపోతుంటే దాన్ని ఆర్పడం ఎందుకు? లోపల మాత్రం కాస్త గర్వంగానే ఉంది. ఇంట్లో అందరి నొప్పీ ఒక్క పూటలో తీసేసిన మనిషి అలా గర్వపడటంలో వింతేముంది? అత్తగారు అతని పళ్ళెంలో ఇంకొంచెం వడ్డించమని కూతురికి చెప్పింది. అల్లుడు చిక్కిపోతున్నాడని ఆవిడ బెంగ.

దొరసాని చిక్కిపోతున్న సంగతి ఎవరూ వెంటనే కనిపెట్టలేదు. బొచ్చు అలాంటిది, ఒంట్లో ఏమున్నా కప్పేస్తుంది. గట్టి గింజల తిండి వదిలేసింది. మెత్తటి చేప అయితే నాకేది. తర్వాత అదీ సగం వదిలేసేది. ఒళ్ళు నాక్కోవడం మానేసింది. దొరసాని ఒళ్ళు అట్టలు కట్టడమంటే ఆ ఇంట్లో ఎవరూ కలలో కూడా అనుకోని విషయం. మూతి పక్కన ఎప్పుడూ తడిగా ఉండేది. వయసొచ్చి నెమ్మదించింది అంది అత్తగారు. ఎండలకి అన్నాడు మేస్త్రి. అన్నాడే గానీ, ఆ రోజు నుంచి అలమర దగ్గరికి వెళ్ళడం తగ్గించాడు. ఆ కింద నుంచి వచ్చే వాసన అతనికి తెలుసు. చీము పట్టిన నోటి వాసన. అచ్చులతో పాటు డాక్టర్ల దగ్గర్నుంచి అప్పుడప్పుడు వచ్చేది.

కోరలు అరగదీసిన మూడో నెలలో ఒక మధ్యాహ్నం భార్య దొరసానిని ఒళ్ళోకి తీసుకుని, చెంప నిమిరింది. అది గిర్రున తిరిగి చెయ్యి కొరికింది. ఇన్నేళ్ళలో ఆవిణ్ణి అంత కోపంగా కొరకడం అదే మొదలు. ఆవిడ చెయ్యి చూసుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది. చర్మం తెగలేదు. రెండు చోట్ల నల్లగా కమిలి ఉంది.

"దిగలేదు చూడండి," అంది నవ్వబోతూ. "కోపమొచ్చినా మెల్లిగా పట్టుకుంది. నేనంటే ప్రాణం దానికి."

మేస్త్రి చేతిలోని సెట్టు కింద పెట్టేశాడు. ఆవిడ అప్పటికే బుట్ట తీస్తోంది, చెంప వాచినట్టుంది, డాక్టరమ్మ దగ్గరికి వెళదాం అంటోంది. గోడ మీది క్యాలెండర్ కూడా తీసి మడిచి సంచీలో పెట్టుకుంది, ఎంత బాగుపడిందో చూపిద్దామని.

డాక్టరమ్మ ముందుగా క్యాలెండర్ చూసింది. ఒక్కో నెలా తిప్పుతూ తలూపింది. చాలా బాగా చేశారమ్మా, ఇదిగో ఎంత చక్కగా తగ్గుతోందో, నేననుకున్నదానికంటే ముందే తగ్గుతోంది అంది. ఆ పదమూడో రోజుది బెదిరి కరిచినది, దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు అంది. ఆ తర్వాతి పేజీ దగ్గర ఆగిపోయింది.

"ఇక్కడ ఒక్కసారిగా ఆగిపోయిందేం? పిల్లి మానేసేది మెల్లిమెల్లిగా మానేస్తుంది. ఉన్నట్టుండి ఒక్క రోజులో ఆపేసిందంటే, దానికేదో అయ్యుండాలి. ఈ వారంలో ఏం జరిగింది?"

భార్య గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. అమ్మని కట్టు మార్పించడానికి తీసుకెళ్ళాం, అంతే కదండీ అని భర్తని అడిగింది. అంతే అన్నాడు మేస్త్రి.

సూది మందు ఇచ్చి నిద్రపుచ్చాక డాక్టరమ్మ దొరసాని చెవులు వెనక్కి మడిచి చూసింది. లోపల పసుపు పచ్చగా ఉన్నాయి. నోరు తెరిచి దీపం వేసింది. నాలుగు కోరల మధ్యలోనూ ఒక్కో నల్లటి చుక్క ఉంది. పై ఎడమ చిగురు మొత్తం చీము.

"పిల్లి కోరలో దాదాపు మొన దాకా నరం ఉంటుంది, రక్తం ఉంటుంది," అంది. "మొన పోతే లోపలంతా తెరుచుకున్నట్టే. రోజూ, నీళ్ళు తాగినా కూడా, ఎంత నొప్పో చెప్పలేను. ఇవి విరిగినవి కాదమ్మా. నాలుగూ ఒక్కలా ఉన్నాయి. ఎవరో అరగదీశారు."

మేస్త్రి భార్యకి అర్థం కాలేదు. అరగదీయడమేమిటి, ఎవరు అరగదీస్తారు అంటూ వంగి చూసింది. చూసి, ఇన్నేళ్ళ అలవాటు ప్రకారం బొటనవేలు చాపింది. కళ్ళు మూసుకుంది. మొదటి కోర మీద వేలు నడిపింది, రెండో దాని మీద నడిపింది. లోపలివైపుకి, ఎడమగా వెళ్ళిన వేలు అక్కడే ఆగిపోయింది.

"ఇది మీ చెయ్యి," అంది.

బల్ల దగ్గర అనే గొంతుతోనే అంది. కోపం లేదు, అనుమానం లేదు. ఇది మీ చెయ్యి అని చెప్పడంలో ఆవిడ ఎప్పుడూ తప్పలేదు కదా. మేస్త్రి ఏదో చెప్పబోయాడు. "నొప్పి ఉంటుందని నేను..." అన్నాడు. ఆవిడ కళ్ళు తెరిచింది గానీ అతని వైపు చూడలేదు.

డాక్టరమ్మ చెప్పాల్సింది చెప్పింది. చీము ఎముకలోకి వెళ్ళిపోయింది. సరిగ్గా తినక కాలేయం చెడిపోయింది. కోరలు నాలుగూ తీసి, ఎముక శుభ్రం చెయ్యాలి, కానీ అంతసేపు మత్తిస్తే మళ్ళీ లేవదు. చెయ్యకపోతే వారమో, పది రోజులో, అదీ ఈ నొప్పితోనే. నెల ముందు తీసుకొచ్చినా ఏదో ఒకటి చేసేదాన్ని అంది. భార్య తలూపింది. ఇప్పుడు నిద్రలోనే ఉంది కదా, నొప్పి తెలీదు కదా అని అడిగింది. తెలీదంది డాక్టరమ్మ. అయితే లేపకండి అంది.

మేస్త్రి దాని తల నిమరడానికి చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చేతిని పట్టుకుని, మెల్లిగా, అతని వైపుకే జరిపేసింది. రెండో సూది ఇచ్చినంతసేపూ దొరసాని తల ఆవిడ అరచేతిలో ఉంది. అతను ఖాళీ బుట్ట పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక అత్తగారు విషయం తెలిసి తువ్వాలుతో కళ్ళొత్తుకుంది. "పోనీలే బాబూ, పోయేముందు ఎంత మంచిదైపోయిందో. ఆఖరి రోజుల్లో నన్నొక్కసారి కూడా కరవలేదు," అంది. కూతురు అక్కడే ఉంది. తల్లికి ఏమీ చెప్పలేదు. ఆ రోజే కాదు, ఎప్పటికీ చెప్పలేదు. అలా చెప్పకపోవడం మేస్త్రికి తిట్టుకంటే ఎక్కువగా తగిలింది. తనని కాపాడటానికి కాదది, తల్లిని కాపాడటానికని అతనికి తెలుసు. తన కోసం పిల్లి ఏం పడిందో తెలిస్తే ఆ ముసలావిడ మర్నాడే సంచీ సర్దుకుంటుంది.

మేస్త్రి ఎదురుచూశాడు. ఈ రోజు అంటుంది, రేపు అంటుంది అనుకున్నాడు. ఒక్కసారి గట్టిగా తిడితే కాళ్ళ మీద పడేవాడు. ఆవిడ తిట్టలేదు. ఉప్పు అయిపోయిందంది, కుళాయి కారుతోందంది, అమ్మ మాత్రలు తెమ్మంది. రాత్రుళ్ళు ఒకే మంచం మీద అటు తిరిగి పడుకుంది. అతని పాదం దుప్పట్లోంచి బయటికొచ్చి పొద్దున్నదాకా అలాగే ఉండేది, దాన్ని పట్టేవాళ్ళు లేరు. అత్తగారు మాత్రం గది దాటేముందు ఇంకా కర్ర బయటికి చాపి నేల తడుముతూనే ఉంది. అలవాటు పోలేదు.

మూడు వారాల దాకా మేస్త్రి మోటారు వెయ్యలేదు. పిడి చేతిలోకి తీసుకుంటే వెంట్రుకలు కాలిన వాసన ముక్కుకి తగిలేది. అచ్చులు పేరుకుపోయాయి. డాక్టర్ల దగ్గర్నుంచి ఫోన్లు వచ్చాయి. ఒకరోజు ఓ పెద్దాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కింది సెట్టు ఒకచోట గుచ్చుకుంటోంది, నాలుగు రోజులుగా అన్నం తినలేకపోతున్నానని చేతి రుమాలులో చుట్టిన సెట్టు చూపించాడు. మేస్త్రి నీలం కాగితం తీశాడు. పెద్దాయన సెట్టు పెట్టుకుని, కాగితం కొరికి, తీసి ఇచ్చాడు. మచ్చ సరిగ్గా ఒక కోరపన్ను మీద పడింది. మేస్త్రి ఆ సెట్టు బల్ల మీద పెట్టి అలా చూస్తూ కూర్చున్నాడు.

లోపల్నుంచి భార్య వచ్చింది. బల్ల అవతలి వైపు, తన చక్రం దగ్గర, తన కుర్చీలో కూర్చుంది. మోటారు మీట తనే నొక్కింది. పిడి తీసి అతని చేతిలో పెట్టింది, ఆ తర్వాత సెట్టు తీసి ఇంకో చేతిలో పెట్టింది. ఇన్నాళ్ళకి మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"అరగదీయండి," అంది. "వీటికి ప్రాణం లేదు."